ఇంట్లో పెద్దవాళ్లకి వినపడటం తగ్గితే ఇంటిల్లిపాదీ ఏం చేయాలి

మా కోనసీమలో ఎవరేం చెప్పినా "ఆయ్" అంటాం. అవునన్నా ఆయ్, సరేనన్నా ఆయ్, చెప్పండి వింటున్నాను అన్నా ఆయ్. మా నాన్నగారికి వినపడటం తగ్గిందని మూడు నాలుగేళ్ల దాకా మాకెవరికీ తెలియలేదంటే ఈ మాట కూడా ఒక కారణం. ఏం చెప్పినా తలూపి ఆయ్ అనేవారు, మేం విన్నారనుకుని మా పనిలో మేం పడేవాళ్లం. ఒకసారి కొబ్బరికాయల దింపు తీయించిన రోజు వ్యాపారి కాయకి పదహారు అంటే ఆయన పద్దెనిమిది అనుకుని ఆయ్ అనేశారు. డబ్బు లెక్కపెట్టేటప్పుడు మాటా మాటా పెరిగింది. ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా అరుగు మీద కూర్చుండిపోయారు. ముప్పై ఏళ్లు రైసు మిల్లు హోరులో పనిచేసిన మనిషి. ఆ రోజు గానీ మాకు వెలగలేదు.

ఆ తర్వాత మేం చేసిన పొరపాట్లు, వాటి నుంచి నేర్చుకున్న పనులు వరసగా రాస్తున్నాను. మీ అమ్మగారో నాన్నగారో, అత్తగారో మామగారో ఇలా ఉంటే ఇదే వరసలో చేసుకుంటూ వెళ్లండి. ఒక్క మాట ముందే చెబుతాను: చెవి మిషన్ కొనేస్తే పనైపోయిందనుకోకండి. మిషన్ సగం పని చేస్తుంది, మిగతా సగం ఆ మనిషితో మాట్లాడే మనమందరం చేయాలి.

మొదట గమనించండి

టీవీ సౌండు నెలనెలా పెరుగుతుంది. "మీరంతా గొణుగుతారేంటి" అని విసుక్కుంటారు. ఫోన్ మోగితే మీ చేతికిచ్చేస్తారు. అడిగింది ఒకటైతే చెప్పేది ఇంకోటి. మనవరాలి మాట అస్సలు అందదు గానీ పక్కింటాయన బొంగురు గొంతు బాగానే అందుతుంది. నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోట నుంచి లేచి వెళ్లిపోతారు, ఆయనకి మూడ్ బాగాలేదేమో అని మీరనుకుంటారు.

చాలా ఇళ్లలో ఇక్కడే ఒక అన్యాయమైన మాట అనేస్తారు: "ఆయనకి కావాల్సినవైతే వినపడతాయి" అని. అది నిజం కాదు, ఎందుకో చెబుతాను. వయసుతో వచ్చే వినికిడి లోపం అన్ని శబ్దాలనీ ఒకేలా తగ్గించదు. సన్నటి, పదునైన శబ్దాలు ముందు పోతాయి. అ, ఆ, ఓ లాంటి అచ్చులు బరువైనవి, అవి చాలాకాలం అందుతూనే ఉంటాయి. క, చ, త, ప, స, శ లాంటి హల్లులు పలచబడిపోతాయి. కాలు, చాలు, పాలు అని మీరు మూడు మాటలంటే వాళ్లకి మూడింట్లోనూ ఒకే "ఆలు" అందుతుంది, ముందున్న హల్లు వాళ్లు ఊహించుకోవాలి. అందుకే "వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు" అంటారు. ఆ మాట అక్షరాలా నిజం, దాన్ని నమ్మండి.

విషయం ఎత్తేటప్పుడు ఒక్కరే వెళ్లండి, టీవీ కట్టేసిన వేళ, ఎదురుగా కూర్చుని. చుట్టాల ముందు వద్దు, కోడలి పుట్టింటివాళ్ల ముందు అస్సలు వద్దు. మన భాషలో చెవిటి అన్న మాటని తిట్టులా వాడేశాం, పెద్దవాళ్లకి ఆ మాట తగిలితే ఇంక డాక్టరు దగ్గరికి రమ్మన్నా రారు. "నాన్నగారూ, నా మాట మీకు సరిగా అందట్లేదేమో అనిపిస్తోంది, షుగరు పరీక్షకి వెళ్తున్నాం కదా, అదే రోజు చెవి కూడా చూపిద్దాం" అనండి. ఒప్పుకోకపోతే గొడవ పడకుండా రెండు వారాలాగి మళ్లీ అడగండి. మా ఇంట్లో నాలుగోసారికి ఒప్పుకున్నారు.

పరీక్షకి ముందు చెవి లోపల చూపించండి

కొంతమందికి అసలు సమస్య గుబిలి. అది గట్టిపడి దారి మూసేస్తే, ఈ.ఎన్.టి. డాక్టరు పది నిమిషాల్లో తీసేస్తే, వినికిడి వెనక్కి వచ్చేస్తుంది. కాబట్టి ముందు అది తేల్చుకోండి. ఇంట్లో మాత్రం తీయకండి. పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక, ఇయర్ బడ్ ఏదైనా సరే గుబిలిని ఇంకా లోపలికి తోస్తుంది, కర్ణభేరికి చిల్లు కూడా పెట్టగలదు. తీర్థాల్లో, అంటే జాతరల్లో, చెవులు శుభ్రం చేస్తామని తిరిగేవాళ్ల చేతికి చెవి అప్పగించకండి.

వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసే అలవాటు మా అమ్మమ్మ కాలం నుంచీ ఉంది. మన డెల్టాలో గాలిలో ఎప్పుడూ తేమే, చెవిలో బూజు పట్టడం మామూలు, అలాంటి చెవిలో నూనె పోస్తే అది ఇంకా పెరుగుతుంది. కర్ణభేరికి ఇదివరకే చిల్లు ఉంటే పోసిన నూనె నేరుగా మధ్య చెవిలోకి వెళ్తుంది. చిన్నప్పటి నుంచీ చెవి కారే మనిషైతే కాలవలో ములిగి స్నానం చేయడం మానిపించండి. అలాంటి చిల్లుల్లో చాలావాటికి ఆపరేషన్ ఉంది, వినికిడి కొంత తిరిగి రావచ్చు కూడా.

ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. నిన్నటి దాకా బాగా వినపడిన చెవి ఉన్నట్టుండి, ఒక రాత్రిలోనో రెండు మూడు రోజుల్లోనో మూసుకుపోయినట్టయితే అది అత్యవసరం. జలుబు చేసిందేమో, వారం చూద్దాం అనుకోకండి. లోపలి నరం దెబ్బతిని ఉండొచ్చు, స్టెరాయిడ్ మందులు మొదటి రోజుల్లో ఇస్తేనే ఎక్కువగా పనిచేస్తాయి, రెండు వారాలు దాటితే అవకాశం బాగా తగ్గిపోతుంది. అదే రోజు ఈ.ఎన్.టి. డాక్టరు దగ్గర ఉండాలి. దాంతోపాటు మూతి వంకర పోవడం, మాట తడబడటం, కాలూ చెయ్యీ పడిపోవడం ఉంటే ఇంక ఈ.ఎన్.టి. కోసం కూడా చూడకండి, 108కి ఫోన్ చేయండి.

వాడుతున్న మందుల చీటీలన్నీ ఒక కవర్లో పెట్టి తీసుకెళ్లండి. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు, సిస్ప్లాటిన్ అనే క్యాన్సరు మందు చెవి నరాన్ని దెబ్బతీయగలవు. డాక్టరుకి తెలిస్తే చూసుకుంటారు, మీ అంతట మీరు మాత్రం ఏ మందూ ఆపొద్దు.

పరీక్ష చేయించడం, ఆ కాగితం చదవడం

దీన్ని ఆడియోమెట్రీ అంటారు. శబ్దం రాని గదిలో కూర్చోబెట్టి, చెవులకి ఇయర్‌ఫోన్ పెట్టి, సన్నగా కూత వినిపిస్తారు, వినపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. తర్వాత చెవి వెనక ఎముక మీద చిన్న పరికరం పెట్టి మళ్లీ చేస్తారు. లోపం బయటి, మధ్య చెవుల్లో ఉందా, లోపలి నరంలో ఉందా అన్నది ఈ రెండిటి తేడాని బట్టి తెలుస్తుంది. మాటలు పలికి తిరిగి చెప్పమనే పరీక్ష కూడా ఉంటుంది, అది చేయమని మీరే అడగండి, ఎందుకంటే కూత వినపడటం వేరు, మాట అర్థం కావడం వేరు. నొప్పి ఏమీ ఉండదు. మా నాన్నగారు సూది గుచ్చుతారేమోనని రాత్రంతా టెన్షన్ పడ్డారు, కాబట్టి ఈ సంగతి ముందే చెప్పండి.

కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ.ఎన్.టి. విభాగం ఉంది. విశాఖ పెదవాల్తేరులో ప్రత్యేకంగా ప్రభుత్వ ఈ.ఎన్.టి. ఆసుపత్రే ఉంది. రాజమండ్రి, భీమవరం, అమలాపురంలో ప్రైవేటు డాక్టర్లున్నారు. ఎక్కడికెళ్లినా ఈ పరీక్ష చేసే ఆడియాలజిస్టు ఏ రోజుల్లో ఉంటారో కనుక్కుని బయల్దేరండి, గోదావరి మధ్య లంక నుంచి పంటు మీద నది దాటి, బస్సెక్కి వెళ్లి ఉత్త చేతుల్తో తిరిగి రావడం పెద్దవాళ్లకి నరకం.

చేతికిచ్చే గ్రాఫులో కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు ఉంటాయి. ఎడమ నుంచి కుడికి వెళ్లేకొద్దీ శబ్దం సన్నబడుతుంది. గుర్తులు ఎంత కిందికి దిగితే లోపం అంత ఎక్కువ. ఈ కొలతని డెసిబెల్స్‌లో చెబుతారు, అంటే శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 20 డెసిబెల్స్ లోపు మామూలు, 20 నుంచి 35 లోపు కొద్దిపాటి లోపం, 35 నుంచి 50 లోపు ఓ మోస్తరు, 50 నుంచి 65 లోపు ఇంకాస్త ఎక్కువ, 65 దాటితే తీవ్రం. ఎదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడే మాట 60 డెసిబెల్స్ అటూఇటూగా ఉంటుంది. ఈ కాగితాన్ని ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టుకోండి, ప్రతి చోటా అడుగుతారు.

వయసు వల్లో హోరు వల్లో నరం దెబ్బతింటే మాత్రలతో, తైలాలతో తిరిగి రాదు. వస్తుందని ఎవరు చెప్పినా డబ్బు పెట్టకండి.

సదరం, ఉచిత మిషన్లు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ మాట వినే స్థాయిల్లో 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటే వినికిడి లోపం ఉన్నవారు, 70 అయితే బధిరులు. ఒక చెవి బాగుండి ఒకటే పోయినవాళ్లు, 45, 50 దగ్గర ఉన్నవాళ్లు ఈ లెక్కలోకి రావడం కష్టం, ఆశపడి నాలుగుసార్లు తిరగకుండా ముందే డాక్టరుని అడిగి తేల్చుకోండి. గీత దాటినవాళ్లయితే గ్రామ సచివాలయంలోనో మీసేవలోనో సదరం, అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చే ప్రభుత్వ పరీక్ష, దానికి స్లాట్ బుక్ చేయించుకోండి. 40 శాతం, ఆపైన వైకల్యం అని సర్టిఫికెట్ వస్తే పథకాలకి అదే ఆధారం. మన ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పెన్షన్ 2024 జూలై నుంచి నెలకి 6,000 రూపాయలైంది.

60 ఏళ్లు దాటి, బీదరికపు గీత దిగువన ఉన్నవాళ్లకి రాష్ట్రీయ వయోశ్రీ యోజన అని కేంద్రం పథకం ఉంది, 2017 ఏప్రిల్‌లో నెల్లూరులోనే మొదలైంది. కళ్లజోడు, చేతికర్ర, వీల్‌చైర్‌తో పాటు చెవి మిషన్ కూడా ఇందులో ఇస్తారు. క్యాంపులు పెట్టినప్పుడు పేరు రాయించుకోవాలి కాబట్టి సచివాలయంలో ఓ మాట చెప్పి ఉంచండి. క్యాంపులో ఇచ్చిన మిషన్ అలాగే పెట్టేయకుండా, పరీక్ష కాగితంతో ఆడియాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లి సరిచేయించగలరేమో అడగండి.

మిషన్ కొనేటప్పుడు

మా మొదటి పొరపాటు ఇదే. టౌన్లో ఒక షాపులో, ఏ పరీక్షా లేకుండా, చెవిలో పెట్టి "వినపడుతోందా తాతగారూ" అని అడిగారు. ఆయన ఆయ్ అన్నారు. మేం డబ్బు కట్టేశాం. ఇంటికొచ్చాక ఆ మిషన్ గిన్నెల చప్పుడుతో సహా అన్నిటినీ ఒకేలా పెంచింది, ఎనిమిది నెలలు బీరువాలో పడి ఉంది. మీరలా చేయకండి. గ్రాఫు చూసి, ఏ శబ్దం ఎంత తక్కువ ఉందో దాన్ని అంతే పెంచేలా కంప్యూటర్‌కి తగిలించి సెట్ చేసే డిజిటల్ మిషన్ కావాలి. ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండు వేలకి దొరికేవి చాలావరకు శబ్దాన్ని మొత్తంగా పెంచేవే.

ధరలు వేల నుంచి లక్షల దాకా ఉంటాయి. ఖరీదు కన్నా ముందు చూడాల్సినవి చెబుతాను. కొన్ని రోజులు ఇంట్లో పెట్టి చూసుకోనిస్తారా? ఆ తర్వాత ఎన్నిసార్లు ఉచితంగా సరిచేస్తారు? రిపేరు వస్తే మన ఊరి నుంచి ఎంత దూరం వెళ్లాలి? హైదరాబాదులో కొన్న గొప్ప మిషన్ కన్నా రాజమండ్రిలో కొన్న మామూలు మిషన్, నాలుగుసార్లు వెళ్లి సరిచేయించుకుంటే, ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం. రెండు చెవుల్లోనూ లోపముంటే రెండిటికీ పెట్టడం మంచిది, శబ్దం ఎటు నుంచి వస్తుందో అప్పుడే తెలుస్తుంది, రోడ్డు మీద వెనక నుంచి వచ్చే లారీ సంగతైనా ఆలోచించండి. వేళ్లు వణికేవాళ్లకి, చూపు తగ్గినవాళ్లకి కనపడకుండా చెవిలోపల దాక్కునే చిన్న మిషన్ వద్దు, చెవి వెనక పెట్టుకునేది నయం, బటన్లు చేతికి అందుతాయి. బ్యాటరీ ఆయనే మార్చుకోగలరా అన్నది షాపులోనే ఆయన చేత చేయించి చూడండి. తీవ్రమైన లోపం ఉండి ఏ మిషన్‌తోనూ మాట అర్థం కాకపోతే లోపలి చెవిలో పరికరం అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ అనే ఆపరేషన్ పెద్దవాళ్లకీ చేస్తారు, ఖర్చు ఎక్కువ, ఆ సంగతి ఈ.ఎన్.టి. డాక్టరుతోనే తేల్చుకోవాలి.

మొదటి నెల

మిషన్ పెట్టిన రోజు ఎవరూ సంతోషించరు. ఏళ్ల తరబడి నిశ్శబ్దానికి అలవాటుపడిన మెదడుకి ఒక్కసారిగా ఫ్యాను చప్పుడు, కుళాయి ధార, స్టీలు గ్లాసు కింద పెట్టిన చప్పుడు అన్నీ మీద పడతాయి. తన గొంతు తనకే కుండలోంచి వచ్చినట్టు ఉంటుంది. "ఇది నాకొద్దు" అంటారు. అప్పుడు బతిమాలకండి, తిట్టకండి, టైము తగ్గించండి.

మొదటి వారం రోజుకి గంటా రెండు గంటలు, ఇంట్లోనే, ఒక్క మనిషితోనే. పొద్దున్న కాఫీ వేళ అమ్మా నాన్నా ఇద్దరూ కూర్చుని పేపర్లో వార్త ఒకటి చదివి మాట్లాడుకుంటే చాలు. రెండో వారం ఇంకో గంట కలపండి, టీవీ వార్తలు చూడమనండి. మూడో వారం పెరట్లోకి, వీధరుగు మీదికి. నాలుగో వారం గానీ కొట్టుకి, రామాలయం దగ్గరికి వద్దు. పూర్తిగా అలవాటు కావడానికి కొందరికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా ఒక చిన్న పుస్తకంలో ఏ చప్పుడు బాధపెట్టింది, ఎవరి మాట అందలేదు అన్నది రాసి పెట్టండి, సరిచేయించడానికి వెళ్లినప్పుడు ఆ పుస్తకం చూపిస్తే పని సులువవుతుంది. "బాగాలేదు" అంటే వాళ్లకేం తెలుస్తుంది, "గిన్నెల చప్పుడు గుచ్చుకుంటోంది, మనవరాలి మాట అందట్లేదు" అంటే మార్చగలరు.

ఈల వేసినట్టు కూత వస్తుంటే చెవిలో పెట్టే ముక్క సరిగ్గా కూర్చోలేదనో, గుబిలి చేరిందనో, తలపాగా అడ్డొస్తోందనో అర్థం.

తేమ, నూనె, బ్యాటరీలు

మన దగ్గర మిషన్లు పాడయ్యేది తేమతోనే. రాత్రి తీసేశాక బ్యాటరీ తలుపు తెరిచి, తేమ పీల్చే సిలికా జెల్ గింజలు వేసిన మూత డబ్బాలో పెట్టండి. ఆ గింజలు రంగు మారితే కొత్తవి వేయండి. వానాకాలంలో ఇది ఒక్క రాత్రి కూడా మానొద్దు. స్నానానికి, కాలవకి, చేపల చెరువులో దిగేటప్పుడు తీసేయాలి. తలకి కొబ్బరినూనె రాసుకునే ఇల్లు మనది, ముందు నూనె రాసి, చెవి చుట్టూ తుడిచి, తర్వాతే మిషన్ పెట్టాలి, లేకపోతే చిన్న రంధ్రాలు మూసుకుపోతాయి. పొడి గుడ్డతో రోజూ తుడవండి, తడిగుడ్డ వద్దు, స్పిరిట్ వద్దు.

చిన్న బ్యాటరీలు రంగుని బట్టి గుర్తుపట్టొచ్చు: 10 నంబరుకి పసుపు, 312కి గోధుమ, 13కి నారింజ, 675కి నీలం. వెనకున్న స్టిక్కర్ పీకగానే గాలి తగిలి పనిచేయడం మొదలవుతుంది, మళ్లీ అంటించినా ఆగదు, కాబట్టి వాడబోయేటప్పుడే పీకి, రెండు మూడు నిమిషాలు గాలికి ఉంచి వేయండి. పాత బ్యాటరీలు పిల్లలకి అందకూడదు. పిల్లాడు మింగాడని అనుమానం వచ్చినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి, అది గొంతులో ఇరుక్కుంటే కొద్ది గంటల్లోనే లోపల కాల్చేస్తుంది.

మాట్లాడే పద్ధతి

దీన్ని ఇంట్లో అందరి చేతా చదివించండి, పదేళ్ల పిల్లలతో సహా.

ముందు పిలవండి. "నాన్నగారూ" అని, అందకపోతే భుజం మీద మెల్లగా తట్టి, ఆయన మీ మొహం చూశాకే మాట మొదలుపెట్టండి. వంటింట్లోంచి అరవడం మానేయండి. నాలుగడుగుల దూరంలో, వెలుగు మీ మొహం మీద పడేలా కూర్చోండి. కిటికీ మీ వీపు వెనక ఉంటే మీ మొహం నీడలో ఉంటుంది, పెదాలు కనపడవు. చెయ్యి అడ్డం పెట్టుకునీ, ఏదో నములుతూనూ మాట్లాడొద్దు. టీవీ, మిక్సీ ఆపేయండి.

అరవకండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం, అన్నిటికన్నా కష్టం కూడా. అరిస్తే అచ్చులు పెద్దవవుతాయి, అసలు అందని హల్లులు అలాగే ఉండిపోతాయి. పైగా నరం దెబ్బతిన్న చెవికి మెల్లని మాట అందకపోయినా గట్టి శబ్దం మామూలు వాళ్లకన్నా ఎక్కువ బాధపెడుతుంది. అందుకే "గట్టిగా చెప్పు" అని, గట్టిగా చెప్పగానే "ఎందుకలా అరుస్తావు" అంటారు, రెండూ నిజమే. అరిచే మొహం కోపంగా ఉంటుంది, ఆయనకి అందేది ఆ కోపమే. మామూలు గొంతుతో, కాస్త నిదానంగా, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి పీల్చుకుని మాట్లాడండి. ఒక్కో అక్షరం విడదీసి పలకడం కూడా వద్దు, మాట రూపం మారిపోతుంది.

దేని గురించి చెబుతున్నారో ముందు చెప్పండి. "కరెంటు బిల్లు గురించి" అని ఆగి, తర్వాత విషయం చెబితే మిగతా మాటలు ఆయన ఊహతో పూర్తి చేసుకోగలరు. ఒకసారి చెప్పింది అందకపోతే అదే మాట మూడోసారి చెప్పకండి, మాట మార్చండి. పాట, బాట, మాట అని అద్దం ముందు నిలబడి పలికి చూడండి, పెదాల మీద మూడూ ఒకటే. "మాట" అందకపోతే "ఏం చెప్పారంటే" అనాలి. అంకెలని ఎప్పుడూ రెండు రకాలుగా చెప్పండి: "అరవై, ఆరు సున్నా". ఇరవై, అరవై, పదహారు, పద్దెనిమిది చెవికి దగ్గరగా ఉంటాయి, డబ్బు, మందులు, బస్సు టైము అయితే కాగితం మీద రాయండి. ఫోన్ కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే అక్షరాలుగా వస్తుంది, పెద్ద అక్షరాలు పెట్టి చూపించండి.

"అర్థమైందా" అని అడగకండి. దానికి జవాబు ఆయ్, అంతే. ఆయ్‌తో సరిపోని ప్రశ్న అడగండి. "అయితే ఎన్నింటికి బయల్దేరదాం?" "ఎవరికిమ్మన్నాను?" తప్పు చెబితే నవ్వొద్దు, ఇంకోలా చెప్పండి.

చివరిగా, "ఏం లేదులే" అన్న మాట ఈ రోజు నుంచి మానేయండి. అందరూ నవ్వారు, ఆయన ఏంటని అడిగారు, మనం ఏం లేదులే అన్నాం. మా నాన్నగారు తర్వాత ఒకసారి చెప్పారు, వినపడకపోవడం కన్నా ఆ మాట దగ్గరే ఎక్కువ కుంగిపోయేవాడినని. అర నిమిషం పడుతుంది, జరిగింది చెప్పండి.

పండగలు, పెళ్లిళ్లు

సంక్రాంతికి హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ పిల్లలంతా దిగి ఇల్లు కళకళలాడుతుంటే మీరు సంతోషిస్తారు, ఆయన గదిలోకి వెళ్లిపోతారు. ఇరవై మంది ఒకేసారి మాట్లాడే చోట ఏ మిషనూ పూర్తిగా పనిచేయదు. ఆయన్ని మధ్యలో కాకుండా గోడకి వీపు ఆనేలా, ఓ మూల కూర్చోబెట్టండి, చప్పుడు వెనక నుంచి రాదు. ఒక్కొక్కరూ పక్కన కూర్చుని పది నిమిషాలు మాట్లాడమనండి. గంట తర్వాత ఆయన లేచి వెళ్తే వెళ్లనివ్వండి, వినడానికి ఆయన పడే శ్రమ మనకి తెలియదు, సాయంత్రానికి నిజంగా అలిసిపోతారు.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్లారనుకోండి, బాణసంచా దగ్గర మిషన్ తీసి జేబులో డబ్బాలో పెట్టి, చెవికి ప్లగ్గులు పెట్టండి. మీరూ పెట్టుకోండి. 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకి ఎనిమిది గంటలకి మించి ఉంటే చెవికి ముప్పు, డీజే దగ్గర అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. మిల్లుల్లో, పీచు ఫ్యాక్టరీల్లో, రొయ్యల చెరువుల దగ్గర జనరేటర్ల పక్కన పనిచేసే మన తమ్ముళ్లు, అన్నయ్యలు ఇప్పటి నుంచే ప్లగ్గులు పెట్టుకుంటే నాన్నగారి పరిస్థితి వాళ్లకి రాకుండా కొంతైనా ఆపుకోవచ్చు.

అమ్మ సంగతి కూడా చూడండి

వినపడని మనిషితో రోజంతా ఉండేది భార్యో భర్తో. మా అమ్మ రోజంతా గట్టిగా మాట్లాడి మాట్లాడి సాయంత్రానికి గొంతు పోగొట్టుకునేది. ఫోన్లన్నీ తనే ఎత్తాలి, వచ్చినవాళ్ల మాటలన్నీ తనే తిరిగి చెప్పాలి, అపార్థం వస్తే మాట కూడా తనే పడాలి. గుట్టుగా చెప్పుకునే మాట ఒక్కటి కూడా లేకుండా పోయింది, ఏదైనా వీధి వినేలా చెప్పాల్సిందే. అది ఎంత ఒంటరితనమో ఆలోచించండి. కాబట్టి పనులు పంచుకోండి: బ్యాంకు, ఆసుపత్రి పనులకి ఒకరు, మిషన్ సరిచేయించడానికి ఒకరు, వారంలో రెండు సాయంత్రాలు ఆయన దగ్గర కూర్చోవడానికి ఒకరు, ఆ వేళ అమ్మ చెల్లెలింటికో గుడికో వెళ్లిరావాలి. దూరంగా ఉన్న పిల్లలు వీడియో కాల్ చేయండి, మొహం కనపడితే సగం మాట అందుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన తరఫున అంతా మీరే మాట్లాడేయకండి. "ఆయన వైపు చూసి మాట్లాడండి, మీ పెదాలు కనపడాలి" అని డాక్టరుతో చెప్పి పక్కకి జరగండి. జవాబు ఆయన్నే చెప్పనివ్వండి.

చెవిలో హోరు, కీచురాళ్లు కూసినట్టు ఉండటం చాలామందికి ఈ లోపంతో పాటే ఉంటుంది, రాత్రి నిశ్శబ్దంలో ఎక్కువవుతుంది. ఫ్యాను చప్పుడో, తక్కువ సౌండులో రేడియోనో ఉంటే కాస్త మరుగుపడుతుంది. ఒక్క చెవిలోనే వస్తున్నా, గుండె కొట్టుకున్నట్టు తాళంలో వస్తున్నా డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ఇంకో సంగతి, మధ్యవయసులో మొదలైన వినికిడి లోపాన్ని పట్టించుకోకుండా వదిలేయడం మతిమరుపు జబ్బుకి దారితీసే కారణాల్లో ఒకటిగా లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ 2017 నుంచీ చెబుతోంది. రామాలయంలో భజనకి మానేశారు, అరుగు మీద కబుర్లకి మానేశారు అంటే వయసైపోయిందని సరిపెట్టుకోకండి. తిండి తగ్గి, నిద్ర పట్టక, ఏదీ వద్దంటుంటే దిగులు జబ్బు కావచ్చు, దానికి వేరే వైద్యం ఉంది.

వరద, తుపాను రాత్రులకి ముందే ఏర్పాటు

మన ప్రాంతానికి ఇది తప్పనిసరి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. లంకల్లో ఆ హెచ్చరికలు ఆటో మీద మైకులోనో, దండోరాతోనో వస్తాయి. రాత్రి మిషన్ తీసి పడుకున్న మనిషికి ఏదీ అందదు. 1986 వరదనీ, 1996 నవంబరు తుపానునీ చూసిన పెద్దవాళ్లకి ఆ భయం లోపలే ఉంటుంది, బయటికి చెప్పరు. 2022 జూలైలో నీళ్లొచ్చినప్పుడు మా నాన్నగారు మూడు రాత్రులు కూర్చునే ఉన్నారు, నిద్రపోతే ఏం జరిగినా తెలియదని.

జూన్ నెలలోనే ఇవి చేసి పెట్టండి. ఆయన ఫోన్లో అత్యవసర హెచ్చరికలు ఆన్ చేసి, వైబ్రేషన్ పెట్టి, దిండు కింద ఉంచడం నేర్పండి. మిషన్ డబ్బా, రెండు ప్యాకెట్ల బ్యాటరీలు, పరీక్ష కాగితం, సదరం కాగితం ఒక జిప్ కవర్లో వేసి మంచం పక్కన మేకుకి తగిలించండి. ఛార్జింగ్ మిషన్ అయితే కరెంటు పోయే లోపే నింపి, ఒక పవర్‌బ్యాంకు కూడా ఆ కవర్లోనే పెట్టండి. ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో "నాకు సరిగా వినపడదు, నా ఎదురుగా నిలబడి నిదానంగా చెప్పండి" అని, దాని కింద మీ ఫోన్ నంబరు రాసి చొక్కా జేబులో పెట్టండి, పునరావాస కేంద్రంలో అది చాలా పనికొస్తుంది. చీకట్లో పెదాలు కనపడవు కాబట్టి టార్చి వెలుగు మీ మొహం మీద వేసుకుని మాట్లాడాలని ఇంట్లో అందరికీ చెప్పండి.

మీరు ఊళ్లో లేని రాత్రి ఆయన్ని లేపేది ఎవరో కూడా ఇప్పుడే తేల్చండి. పక్కింటివాళ్లలో ఇద్దరికి చెప్పి, వాకిలి తాళం ఒకటి వాళ్ల దగ్గర ఉంచండి. తలుపు కొట్టి ప్రయోజనం లేదు, లోపలికి వెళ్లి, లైటు వేసి లేదా టార్చి గోడ మీద ఆడించి, పాదం మీద చెయ్యి వేసి లేపాలని, ఒకసారి పగటిపూట వాళ్ల చేత చేయించి చూపించండి.